వాపసు లేని టిక్కెట్లు

మోకాళ్లు ముందు సీటుకి తగులుతున్నాయనడం తక్కువ, అంటుకుపోయాయి. ఈ సీట్లు వెనక్కి వాలవట, అదీ ఒకందుకు మేలే, ముందున్నాయన వాలి ఉంటే నా మోకాలిచిప్పలు రెండూ ఊడి ఈపాటికి ఒళ్లో పడి ఉండేవి. తలుపులు మూసి చాలాసేపయింది, విమానం మాత్రం కదలడం లేదు, ఇంజను అందుకునేదాకా చల్లగాలి రాదని, ప్రయాణికులు దయచేసి సహకరించాలని ఒకమ్మాయి మైకులో తియ్యగా చెప్పింది. సహకరించక ఎక్కడికి పోతాం తల్లీ, కిటికీలోంచి దూకుతామా. వీపు మీద చెమట కారుతూంది. ఒంటి మీద రెండు జతల బట్టలున్నాయి, వాటి మీద స్వెట్టరు, దాని మీద వానకోటు, కోటు జేబుల్లో చెప్పుల జత, మందుల డబ్బా, ఫోను ఛార్జరు, ఎందుకంటే బ్యాగు బరువు ఎక్కువైతే గేటు దగ్గర ఆపుతారు, మనిషి బరువు ఎంతైనా ఎవరూ అడగరు. బట్టలు బ్యాగులో ఉంటే సామాను, ఒంటి మీద ఉంటే మనిషి. ఈ తెలివి ఎవరిదో నాకు బాగా గుర్తుంది, ఆ తెలివిగల పెద్దమనిషి నా ఎడమ పక్కన కిటికీ సీట్లో కూర్చుని ఉన్నాడు, రెండు చొక్కాలు, వాటి మీద ఉన్ని కోటు, జేబులు ఉబ్బి, మెడ మీద చెమట చుక్కలతో. ఒకే ఉపాయంలో ఇద్దరం ఉడికిపోతున్నాం. ఎవరు ముందు కోటు విప్పితే వాళ్లు ఓడిపోయినట్టని ఇద్దరికీ ఎందుకనిపించిందో తెలియదు. ఆయన నా భర్త, వచ్చే బుధవారం దాకా. ఆ రోజు కోర్టులో మా ఇద్దర్నీ ఆఖరిసారి అడుగుతారు, ఇద్దరం సరేనంటే అయిపోతుంది. పావుగంట కూడా పట్టదన్నాడు వకీలు.

గేటు దగ్గర క్యూ మెలికలు తిరిగి ఉంది, తాళ్లు కట్టి అందర్నీ అటూ ఇటూ తిప్పుతున్నారు, ఎందుకు తిప్పుతారో, తిన్నగా నిలబెడితే విమానం చిన్నబుచ్చుకుంటుందా. అవతలి మెలికలో ఒక వీపు కనిపించింది. వీపుని చూసి మనిషిని పోల్చుకోవడం ఇన్నేళ్ల కాపురంలో నేను నేర్చుకున్న విద్య, ఆయనకి ఒక భుజం కాస్త కిందికి ఉంటుంది, డ్రైవింగ్ నేర్పడం వృత్తి, పక్కవాడి స్టీరింగు వైపు చెయ్యి సిద్ధంగా ఉంచుకుని ఉంచుకుని అలా వాలిపోయింది. వెనక్కి వెళ్లిపోదామనుకున్నాను, వెళ్లాలంటే వెనకున్న సంసారాలన్నిటినీ సామానుతో సహా దాటాలి. ఈలోగా క్యూ కదిలింది, మెలిక తిరిగింది, ఆయన ఇటు, నేను అటు, మధ్యలో ఒక తాడు. "వచ్చావా," అన్నాడు. "మీరూ వచ్చారా," అన్నాను. "టిక్కెట్టు ఉంది కదా," అన్నాడు. "నాకూ ఉంది," అన్నాను. అంతలో క్యూ మళ్లీ కదిలి ఆయన్ని అటూ నన్ను ఇటూ లాక్కుపోయింది. మెలికల క్యూతో వచ్చిన చిక్కేమిటంటే ఒకసారి ఎదురైన మనిషి మళ్లీ మళ్లీ ఎదురవుతాడు, రెండోసారికి ఏం అనాలో తెలియక ఫోను చూసుకున్నాను, మూడోసారికి ఆయన బోర్డు చదువుతున్నాడు, అందులో చదవడానికేమీ లేదు, బాణం గుర్తు ఉంది అంతే.

గేటు పక్కన ఇనుప చట్రం ఒకటి పెట్టారు, బ్యాగు అందులో దూరితే సరి, దూరకపోతే వేరే లెక్క. ఆయన బ్యాగు దూరలేదు. మోకాలితో నొక్కుతున్నాడు, కుర్చీలో కూర్చున్నమ్మాయి చెంప మీద చెయ్యి పెట్టుకుని చూస్తూంది, ఇలాంటివాళ్లని రోజుకెంతమందిని చూస్తుందో. ఆ బ్యాగు నాకు తెలుసు, చక్రాలవైపు ముందు పెడితే దూరదు, జిప్పు వైపు తిప్పి దించాలి, ఇంట్లో టేపు పెట్టి కొలిచింది నేనే. గొంతు దాకా వచ్చింది, జిప్పు వైపండీ అని. చెప్పలేదు. చెప్పే హక్కు ఎవరిదిప్పుడు, ఎవరికి తెలుసు, భార్యల హక్కుల్లో అదొకటి ఉంటుందా, మొగుడి బ్యాగు ఎటు తిప్పాలో నలుగురిలో చెప్పడం. ఆయనే నాలుగు తిప్పలు పడి తిప్పుకున్నాడు, దూరింది, నాకు హాయిగా ఊపిరి వచ్చింది, వచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

అదిగో కదిలింది. అబ్బ, గాలి. ముఖం మీద గొట్టం తెరుచుకుని కాస్త చల్లటి గాలి, ఎవరో మీద ఊదుతున్నట్టు. విమానం నెమ్మదిగా పాకుతూంది, ఇంకా చాలా విమానాలు ముందున్నాయట. టిక్కెట్లు కొన్నప్పుడు మేము ఒకే ఇంట్లో ఉన్నాం. చౌక అమ్మకం పెట్టారని ఆయనే పత్రిక పట్టుకొచ్చాడు, సముద్రం చూద్దామా అన్నాడు, సముద్రమా, ఇద్దరం నడివయసు దాటి, ఇద్దరం సముద్రం లేని ఊళ్లో పుట్టి, ఆ ఊళ్లోనే పెళ్లి చేసుకుని, ఆ ఊళ్లోనే ముసలివాళ్లమవుతూ, బొమ్మల్లో తప్ప సముద్రం చూడలేదు. సీట్లు పక్కపక్కన కావాలంటే వేరే డబ్బు అన్నారు, ఎప్పుడూ లేనిది ఆయన సరేనన్నాడు, కిటికీ నాకు, పక్కది నీకు, పైనుంచి సముద్రం ముందు నేను చూసి నీకు చెప్తాను అన్నాడు. టిక్కెట్లు వాపసు లేవు, తేదీ మార్చకూడదు, పేరు మార్చకూడదు. హోటల్లో గది కూడా అదే పద్ధతి. తర్వాత ఆయన డ్రైవింగ్ స్కూలు పైనున్న గదికి మారిపోయాడు, అక్కడ ఒక మంచం, ఒక స్టవ్వు, రోడ్డు గుర్తులన్నీ ఉన్న ఒక పటం. టిక్కెట్ల సంగతి ఇద్దరం ఎత్తలేదు. ఆయన రాడులే అనుకున్నాను, ఆయనకి సముద్రం మీద ఏం ఆశ, నన్ను తీసుకెళ్లడానికి అన్నాడు కానీ. ఆయనా అదే అనుకుని ఉంటాడు, అది రాదులే అని. ఒక టిక్కెట్టు వృథా అయితే అయింది, రెండో టిక్కెట్టు కూడా ఎందుకు పారెయ్యాలి, ఇద్దరం విడివిడిగా ఒకే లెక్క వేసుకున్నాం. ఇంత ఒద్దికైన దంపతులు ఇంకెక్కడైనా ఉంటారా.

అది నిజమేనా. పొద్దున అద్దం ముందు పళ్లు తోముకుంటూ అనుకున్నాను, ఆయన రాకపోతే బాగుండునని. చాలాసార్లు అనుకున్నాను, అవసరమైనదానికంటే ఎక్కువసార్లు. క్యూలో ఆ వీపు కనబడినప్పుడు నాకు కలిగినదానికి భయం అని పేరు పెట్టుకున్నాను, ఇంకే పేరు పెట్టాలి.

పక్క సీటు కుర్రాడు మళ్లీ వెనక్కి తిరిగి చూశాడు. నా కుడి పక్క, నడవ సీటు. ఎక్కినప్పటినుంచీ అదే పని, కొత్త బూట్లు, కొత్త గడియారం, మెడ తిప్పి తిప్పి నొప్పి పుట్టదా. ఎక్కడో వెనక ఎవరో ఉన్నారు. పై పలువరసలో ఒక పన్ను పక్కపన్ను మీదికెక్కి ఉంది, నవ్వితే బాగుంటుంది, నేను సరిచెయ్యను అలాంటివి. మనుషుల్ని చూస్తే ముందు పళ్లే కనిపిస్తాయి నాకు, ల్యాబులో కట్టుడు పళ్ల సెట్లు చెయ్యడం నా పని, మైనం కరిగించి, అచ్చులు పోసి, గులాబీ రంగు చిగుళ్లు చెక్కి, ఎవరివో తెలియని నోళ్లకి నవ్వులు తయారు చేస్తాను. అత్తయ్యకి కూడా నేనే చేశాను. మూడుసార్లు చేశాను. మొదటిది గుచ్చుకుంటోందంది, రెండోది వదులంది, మూడోది పెట్టుకుని అద్దంలో చూసుకుని, "ఇవి నీ పళ్లే, నావి కావు, నవ్వితే నువ్వు నవ్వినట్టుంది," అంది. పోయేదాకా అవే పెట్టుకుంది.

అత్తయ్య మంచాన పడ్డ ఏళ్లలో మా ఇంట్లో ఎంత మాట్లాడుకునేవాళ్లం. మందు వేశావా, వేశాను. పక్కకి తిప్పావా, నువ్వు భుజం పట్టుకో నేను నడుం పట్టుకుంటాను. ఏమంది, ఏదో అంది, నిన్ను తిడుతోంది, కాదు మిమ్మల్నే. ఆవిడ తిట్లు చెప్పుకోవడం మాకిద్దరికీ ఎంత కాలక్షేపంగా ఉండేదో, వంటింట్లో నిలబడి నోళ్లు మూసుకుని నవ్వుకునేవాళ్లం. పిల్లలు లేరు, లేరని ఏడ్చే వయసు కూడా ఆ మంచం పక్కనే దాటిపోయింది. ఆవిడ పోయాక మంచం తీసేశారు, గది పెద్దదైపోయింది, ఇద్దరం బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుంటే చెంచాల చప్పుడు వినిపించేది. ఆయన పేపరు తిప్పేవాడు. నేను గిన్నెలు కడిగేదాన్ని. పగలల్లా డ్రైవింగ్ స్కూల్లో క్లచ్చు వదలమని, అద్దం చూడమని అరిచి అరిచి వచ్చిన మనిషికి ఇంట్లో నోరు తెరవడానికి ఏం మిగిలి ఉంటుంది, నేనూ అంతే, నోళ్లు చెయ్యడమే గానీ నా నోరు తెరవడం మర్చిపోయాను. కోపాలు లేవు, గొడవలు లేవు, గొడవ పడాలన్నా ఒక విషయం ఉండాలి కదా.

ఇదిగో, లేస్తోంది. సీటు వెన్నులోకి దిగబడుతూంది, సీటు కాదిది, రేకు మీద గుడ్డ కప్పారు. ఆయన కాలు చూశాను, చూడకూడదనుకుంటూనే చూశాను, నేలని గట్టిగా తొక్కుతున్నాడు. ఆయన కారులో ఆయన వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాడు కంగారు పడినప్పుడు తొక్కడానికి. ఇక్కడేముంది, ఉత్త నేల. నేర్చుకునేవాడి చేతిలోంచి స్టీరింగు లాక్కోకూడదు, తప్పు చేస్తే చెయ్యనివ్వాలి, గుద్దేస్తాడనుకుంటేనే బ్రేకు, అదీ ఆయన సూత్రం, అది చెప్పి గొప్పలు పోయేవాడు. ఆ పొద్దున బల్ల దగ్గర నేను అన్నాను, పాలు పొంగుతున్నాయేమో చూడండి అన్నంత మామూలుగా, "మనం విడిగా ఉంటే నయమేమో." అని ఎదురుచూశాను. ఆయన పేపరు మడిచాడు. చాలాసేపు మడిచాడు, చిన్నదయ్యేదాకా. "నీ ఇష్టం," అన్నాడు.

నీ ఇష్టం. ఈ మాటకి ఎన్ని అర్థాలున్నాయో చెప్పమంటే కాపురం చేసిన ఏ ఆడదైనా చెప్తుంది. ఏం వండను అంటే నీ ఇష్టం అంటే ఆకలి లేదని, ఈ చీర బాగుందా అంటే నీ ఇష్టం అంటే చూడలేదని. వెళ్లిపోనా అంటే నీ ఇష్టం అంటే, ఏమిటి? వెళ్లమనా? వద్దని చెప్పడం రాకనా? అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, నేను అడగలేదు, అడగకుండా పెడతాడేమో చూశాను. ఆయనా చూశాడేమో, నేనే నాలిక్కరుచుకుంటానని. మొహమాటానికి పోతే కడుపైందని సామెత, మాకు మొహమాటానికి పోతే విడాకులొచ్చాయి. వకీలు దగ్గర కూడా ఒకరికొకరం కుర్చీ జరుపుకున్నాం, ముందు మీరు చెప్పండి, కాదు నువ్వు చెప్పు. ఇంత మర్యాదగా విడిపోయేవాళ్లని తన అనుభవంలో చూడలేదని వకీలు మెచ్చుకున్నాడు, ఇద్దరం ధన్యవాదాలు చెప్పాం.

మైకులో అత్తర్లు అమ్ముతున్నారు. తర్వాత లాటరీ టిక్కెట్లు అమ్మారు, ఆ తర్వాత విమానం బొమ్మలు. ఇంత ఎత్తుకి ఎత్తి తలుపులు బిగించి అంగడి పెట్టడం, పారిపోయే దారి లేని బేరం. నీళ్లు కూడా కొనాలి. ఆయన కొన్నాడు. నా కళ్లని నేనే నమ్మలేదు, ఊరు దాటినా ఇంటి నీళ్లే సీసాలో పట్టుకెళ్లే మనిషి, ఇక్కడికి తేనివ్వరు కనక కొన్నాడు. సగం తాగి మూత బిగించి మా ఇద్దరి మధ్య బల్ల అంచున పెట్టాడు. సగానికి సరిగ్గా. ఇంట్లో కూడా ఇలాగే, ఏది తాగినా సగం. ఇది నాకా, అలవాటా? గొంతు పిడచకట్టుకుపోయింది. చెయ్యి చాస్తే అందుతుంది. మా మధ్య చెయ్యి ఆనించుకునే పట్టీ ఒక్కటే ఉంది, మిగతా వరుసల్లో దానికోసం మోచేతులతో పొడుచుకుంటున్నారు, మాది ఖాళీగా ఉంది, ఆయన చేతులు ఒళ్లో, నా చేతులు ఒళ్లో, ఈ విమానంలో ఖాళీగా ఉన్న చోటు అదొక్కటే కావచ్చు. ఇప్పుడు తాగవచ్చా అని అడగనా. తాగు అంటాడు. లేకపోతే, నీ ఇష్టం అంటాడు, అప్పుడేం చెయ్యను. సాయంత్రం ఆ ఊళ్లో ఒకే గది ఉంది, తాళం ఒక్కటే, దాని సంగతి కూడా ఎవరో ఒకరు ఎత్తాలి. ఎవరు?

మాట్లాడాలి. ఇంకా గంట లోపే ఉంది. ఈ గంట దాటితే చెరో దారి, బుధవారం మళ్లీ ఎదురుపడితే మధ్యలో వకీలు, న్యాయమూర్తి, గుమాస్తా, గోడ మీద గడియారం. ఇక్కడ ఎవరూ లేరు, రెండొందల మంది ఉన్నా ఎవరూ లేరు. ఏమని మొదలుపెట్టను. ఉక్కగా ఉంది కదూ అని. కోటు విప్పరాదూ అని. గది కిటికీలకి తెరలు వేసుకున్నారా, స్టవ్వు సరిగా వెలుగుతోందా, అన్నం ఎవరు. ఎవరూ ఉండరు, ఆయనకెవరుంటారు. నాకు మటుకు ఎవరున్నారు. పొద్దున్నే లేచి ఇంకా రెండు కప్పులు తీస్తాను, ఒకటి మళ్లీ పెట్టేస్తాను. ఒంటరిగా ఉంటే ఇల్లు శుభ్రంగా ఉంటుంది, అదొక్కటీ నిజం, ఏది ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది, నేను కదిలిస్తే తప్ప ఏదీ కదలదు. దాన్ని చూస్తే ఒక్కోసారి భయమేస్తుంది. చెప్పనా ఇది. ఇప్పుడు చెప్తాను. ఆ మబ్బు దాటాక చెప్తాను.

"మేడమ్." విమానంలో పనిచేసే అమ్మాయి వంగి నిలబడి ఉంది, పెదాలకి ఎర్ర రంగు, కళ్ల కింద నిద్రలేమి. పక్కనే కొత్త బూట్ల కుర్రాడు లేచి నిలబడ్డాడు, ముఖమంతా వేడుకోలు. "సర్ వాళ్లకి కొత్తగా పెళ్లయిందట మేడమ్. ఆవిడ సీటు వెనక ఆఖరి వరుసలో వచ్చింది, సీట్లకి డబ్బు కట్టకపోతే అలాగే వస్తాయి. మీరిద్దరూ కలిసి వచ్చారా? కాకపోతే మీలో ఒకరు వెనక్కి వెళ్తే వీళ్లు పక్కపక్కన కూర్చుంటారు."

మీరిద్దరూ కలిసి వచ్చారా.

ఎంత చిన్న ప్రశ్న. టిక్కెట్లు కలిసే కొన్నాం. వేరువేరు తలుపులకి తాళాలేసుకుని వచ్చాం. ఆయన వైపు తిరిగాను, ఆయన నా వైపు తిరిగాడు, ఇందాకటినుంచీ మొదటిసారి ముఖం ముఖం చూసుకున్నాం, గడ్డం సరిగా గీసుకోలేదు, చెవి కింద కాస్త వదిలేశాడు, అక్కడ నేను చెప్పేదాన్ని ఎప్పుడూ. ఆయన కాదంటాడని నాకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందో అడగకండి, భయపడేవాళ్లకి అన్నీ తెలిసిపోతాయి. ఈ అమ్మాయి ముందు, ఈ కుర్రాడి ముందు, ఆ మాట ఆయన నోటమ్మట వినలేననిపించింది. వినడం కంటే అనడమే సులువు. "కాదు," అన్నాను.

అన్నాను, అంటూ ఆయన నోరు చూశాను. మైనం మీద పళ్లు అమర్చాక డాక్టరు రోగి చేత కొన్ని మాటలు అనిపిస్తాడు, నన్ను కూడా పిలిచి పక్కన నిలబెడతాడు, నోరు తెరిచి ఆ తర్వాత వ అనే చోట పై పళ్ల అంచు కింది పెదవి తడిని తాకీ తాకనట్టు తాకాలి, అలా తాకితేనే పళ్లు సరిగ్గా కూర్చున్నట్టు. ఎన్ని వందల నోళ్లలో చూశాను దాన్ని. అక్కడ అనిపించే మాటల్లో మొదటిది అవును. ఆయన నోరు తెరుచుకుని ఉంది, పై పళ్లు కింది పెదవి మీద ఆగి ఉన్నాయి, శబ్దం ఇంకా రాలేదు. నా మాట ముందు వచ్చేసింది. ఆ పెదవి అక్కడే కాసేపు ఉండి, తర్వాత నెమ్మదిగా మూసుకుంది.

"నేను వెళ్తాను," అన్నాడు ఆ అమ్మాయితో. సీటు బెల్టు విప్పుకున్నాడు. నేను కాళ్లు పక్కకి తిప్పాను, ఇందులో తిప్పడానికేముంది, ఆయన నా మోకాళ్ల మీదినుంచి దాదాపు ఈదుకుంటూ పోయాడు, ఉన్ని కోటు నా ముఖానికి తగిలింది, డ్రైవింగ్ స్కూలు కారు వాసన, పాత రెగ్జిను, పెట్రోలు. "జాగ్రత్త," అన్నాను, అంటే తల తగులుతుందని. "ఊఁ," అన్నాడు. కుర్రాడు ఆయనకి చేతులు జోడించినంత పని చేశాడు. "మీ మేలు మర్చిపోం అంకుల్," అన్నాడు. ఆయన ఆ కుర్రాడి భుజం తట్టాడు, పరీక్ష పాసైన వాళ్లని తట్టినట్టు.

కొత్త పెళ్లికూతురు వచ్చింది, చిన్న పిల్ల, ఏడ్చి ముక్కు ఎర్రబడింది, నేను వాళ్ల మధ్య ఎందుకని కిటికీ పక్కకి జరిగాను. ఆయన సీటు ఇంకా వెచ్చగా ఉంది. రేకు సీటు, పలచటి గుడ్డ, ఇంత వేడి ఎలా పట్టుకుందో. ఆ వేడిలో కూర్చుని ఏడుపొచ్చింది నాకు, ముఖం కిటికీకి ఆనించుకుని ఏడ్చాను, పక్కవాళ్లకి కనబడలేదు, వాళ్లకిప్పుడు విమానం కూలినా కనబడదు. సీసాలో నీళ్లు మిగిలి ఉన్నాయి, తాగాను, సగం సీసా ఒక్క గుక్కలో. చల్లగా లేవు. కాసేపటికి కొత్త దంపతులు గొంతు తగ్గించి పోట్లాడుకోవడం మొదలుపెట్టారు, సీట్లకి డబ్బు కట్టమని చెప్తే విన్నావా, నువ్వే అన్నావుగా ఎందుకు దండగని, నేనెప్పుడన్నాను. పోట్లాడుకోండి నాయనా. గట్టిగా పోట్లాడుకోండి, ఒకరి మాట ఒకరు పూర్తి కానివ్వకండి.

చెవులు మూసుకుపోతున్నాయి, కిందికి దిగుతున్నట్టుంది. మబ్బులు చిరిగి కింద ఏదో బూడిదరంగు రేకు పరిచినట్టు కనబడింది, ఏదో పెద్ద చెరువు కాబోలనుకున్నాను, అవతలి ఒడ్డు కోసం వెతికాను. ఒడ్డు లేదు. ఎంత దూరం చూసినా లేదు. సన్నటి తెల్లటి గీతలు నెమ్మదిగా కదులుతున్నాయి, కదులుతున్నాయో లేదో తెలియనంత నెమ్మదిగా. ఇదేనా. ఇదే. నోరు తెరిచి ఎడమ పక్కకి తిరిగాను చెప్దామని, అటు కిటికీ ఉంది, గోడ ఉంది, ఇటు తిరిగాను, కొత్త పెళ్లికూతురు మొగుడి భుజం మీద నిద్రపోతూంది. ఆఖరి వరుసకి కిటికీ ఉండదు. వెనక తలుపులోంచి ఎక్కేటప్పుడు చూశాను, మరుగుదొడ్డి పక్కన గోడే ఉంటుంది. ముందు నేను చూసి నీకు చెప్తానన్న మనిషి అక్కడ గోడ పక్కన, తలుపు తెరిచి మూసేవాళ్ల మధ్య, రెండు చొక్కాల్లో, నేను కాదన్న మాట మోసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన సీట్లో కూర్చుని ఆయన సముద్రం నేను చూస్తున్నాను. ఇంతకంటే దొంగతనం ఏముంటుంది. ఇన్నాళ్లూ ఆయన ఏమీ అనడనే కదా నా కోపం, ఏమీ అనడని అనుకున్నాను, ఆయన అనేలోపు నేనే ఎన్నిసార్లు ఇలా అనేశానో, ఆ పొద్దున కూడా పేపరు అంతసేపు మడిచాడు, నేను గిన్నె తీసుకుని లేచిపోయాను కదా, నీ ఇష్టం అని నా వీపుతో కదా అన్నది. బుధవారం కూడా ఇలాగే. ముందు నన్నే అడుగుతారు.

చక్రాలు నేలకి తగిలాయి, ఒళ్లంతా ఊగింది, ఎవరో చప్పట్లు కొట్టారు, మైకులో బాకా సంగీతం వేశారు, వేళకి వచ్చామట, ఎవరి వేళకో. ఇక తలుపులు రెండు తెరుస్తారు, ముందువాళ్లు ముందునుంచి, వెనకవాళ్లు వెనకనుంచి, రెండు మెట్లు, రెండు బస్సులు. ఆయన వెనకనుంచి దిగుతాడు. గది నాకు వదిలేసి ఎక్కడో బెంచీ మీద కూర్చుంటాడు, నాకు తెలుసు, తిరుగు విమానం దాకా కూర్చుంటాడు. నేను బెల్టు విప్పుకుని లేచి నిలబడ్డాను. పైన సామాను అర నెత్తికి తగిలింది. విమానం ఇంకా పరిగెడుతూనే ఉంది. వెనక్కి తిరిగితే వరసలు వరసలుగా తలలు, ఆయన తల కనబడలేదు. ఏమని పిలవను, పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు, ఇప్పుడు పేరు నోటికి రాదు.

"ఏవండీ!" అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. మొగవాళ్లు చాలామంది తలలెత్తారు, ఒకాయన అలవాటు కొద్దీ "ఆఁ" అని కూడా అన్నాడు, ఆయన పక్కనున్నావిడ నేనిక్కడున్నానని గిల్లింది. నవ్వులు లేచాయి. పెదాల రంగు అమ్మాయి తన కుర్చీలోంచే చెయ్యి ఊపుతూ, "మేడమ్, కూర్చోండి, బెల్టు పెట్టుకోండి మేడమ్," అని అరుస్తూంది. నవ్వుకోనీ. ఎవరు నవ్వితే ఏం, నేను చేసిన పళ్లే అయ్యుంటాయి సగం.

"ఏవండీ, నేను తప్పు చెప్పాను. కలిసే వచ్చాం మనం. మీరు అనబోయారు, నేను చూశాను. కలిసే వచ్చాం!"

నవ్వులు ఆగిపోయాయి. కొత్త పెళ్లికూతురు నిద్రలేచి నన్ను కళ్లింతలు చేసుకుని చూస్తూంది, నేను ముందు సీటు వీపుని పట్టుకున్నాను. ఆయనకి వినపడలేదేమో. వినపడినా ఏమీ అనడేమో. ఈసారి నేను కూర్చోను, లేచిపోను, ఎంతసేపైనా ఆగుతాను.

చాలా వెనకనుంచి, గోడ పక్కనుంచి, స్టీరింగు ముందు కూర్చున్న కొత్తవాళ్లకి చెప్పే ఆ గొంతుతోనే అన్నాడు:

"వినపడింది. కూర్చో, బండి ఇంకా ఆగలేదు."

కూర్చున్నాను.